బస్తర్ సేంద్రియ రైతుల కూడికలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ ప్రాంతంలో రసాయనాలు లేకుండా సేద్యం చేసే రైతులు విత్తనాలను, అనుభవాన్ని, శ్రమను పంచుకోవడానికి కలుసుకునే సందర్భాలు అనేకం. ఊరి మట్టి పండుగలు, వారపు సంతలు, ప్రభుత్వ పథకాల కింద ఏర్పడిన రైతు బృందాలు, మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు వీటిలోకి వస్తాయి. బ్యానరు కట్టి మైకు పెట్టిన సభలనే రైతు సమావేశాలుగా లెక్కిస్తే బస్తర్‌లో చెప్పుకోదగ్గవి కొద్దిగానే దొరుకుతాయి. ఏ పొలంలో ఏ విత్తనం పడాలి, పశువులను ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అన్న నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయో చూస్తే మాత్రం ఏడాది పొడవునా కూడికలే.

ప్రాంతం, నేల

1998 వరకూ ఒకే జిల్లాగా ఉన్న బస్తర్ వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కేరళ కంటే కాస్త పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలు: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. డివిజన్ కేంద్రం జగదల్‌పూర్. ఇంద్రావతి పడమటికి పారి గోదావరిలో కలుస్తుంది. శబరి ఒడిశా సరిహద్దు వెంట దిగి కూనవరం దగ్గర అదే గోదావరిని చేరుతుంది. ఓరుగల్లు పతనం తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. దంతెవాడలోని దంతేశ్వరి ఆ వంశపు ఇలవేల్పు. కోంటా, భోపాల్‌పట్నం వైపు సంతల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. మిగతా చోట్ల గోండీ, హల్బీ, ధుర్వా, దోర్లీ మాట్లాడతారు. వేరువేరు తెగలవారు కలిసినచోట అందరికీ అక్కరకొచ్చేది హల్బీ.

బస్తర్ పీఠభూమి రైతు తన భూమిని ఎత్తును బట్టి విడదీసి చెబుతాడు. మిట్టన ఉన్నది మర్హాన్, దాని కింద టిక్రా, నడుమ మాల్, నీరు నిలిచే పల్లం గభార్. మర్హాన్‌లో తొందరగా కోతకొచ్చే పంటలు, సామలు, రాగులు, ఉలవలు వేస్తారు. గభార్‌లో దీర్ఘకాలపు వరి. ఒకే కుటుంబానికి నాలుగు రకాల నేలా ఉండొచ్చు కాబట్టి ఒక ఇంట్లో నాలుగైదు రకాల వరి విత్తనం ఉండటం వింత కాదు. వరిని ఎక్కువగా వెదజల్లుతారు. మొలిచి నెల దాటాక, మడిలో నీళ్లు నిలిచినప్పుడు, నిలబడ్డ పైరులోనే నాగలి తోలుతారు. దీన్ని బియాసీ అంటారు. కొత్తగా చూసేవారికి పైరును పాడుచేస్తున్నట్టే ఉంటుంది. అయితే ఆ దుక్కితో కలుపు అణుగుతుంది, ఒత్తు పలచబడుతుంది, వేరు కదిలి పిలకలు వేస్తుంది. కలుపు మందు అవసరం లేకుండా చేసే పని ఇది. ఏ రోజున, ఎంత నీటిలో తోలాలన్నది తోటి రైతు పక్కన నడిచి నేర్చుకోవలసిందే.

పశుపోషణ తీరూ వేరు. ఇక్కడి ఆదివాసీ కుటుంబాలు సంప్రదాయంగా ఆవుపాలు పితకవు, ఆ పాలు దూడవని భావిస్తాయి. పశువు ఉన్నది దుక్కికి, పేడకు.

మట్టి పండుగ: అన్నిటికంటే పాత విత్తన సభ

చైత్రమాసంలో బస్తర్ ఊళ్లు మాటి తిహార్ జరుపుకుంటాయి. ఇది ఊరూరికీ వేరే రోజున వస్తుంది. అందువల్ల ఒక ఊరివారు పక్క ఊరి పండుగకు పోవడానికి వీలుంటుంది. ఆ రోజు నేలను తవ్వకూడదు, దున్నకూడదు. ప్రతి ఇంటివారూ రాబోయే కారులో వేయదలచుకున్న విత్తనాలు తీసుకుని ఊరి మట్టిదేవుడి గుడి దగ్గరికి వస్తారు. పూజారిని కొన్నిచోట్ల గాయతా అంటారు, కొన్నిచోట్ల పెర్మా. ఇళ్లనుంచి వచ్చిన విత్తనాలకు ఆయన చేతుల మీదుగా పూజ జరుగుతుంది. ఆ తర్వాత వాటిని ఆకుల్లో చిన్న మూటలుగా కట్టి ఇళ్లకు తీసుకుపోతారు. బీజ్ పుట్నీ అనే తంతు ఇదే. ఆ మూటలోని గింజలు ఇంట్లో ఉన్న మిగతా విత్తనంలో కలిసి పొలానికి చేరతాయి.

వ్యవసాయ శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇక్కడ మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. ఎవరింట్లో ఏ విత్తనం మిగిలిందో ఊరందరికీ తెలుస్తుంది. విత్తనం పుచ్చిపోయినవారికి అడిగే అవకాశం దొరుకుతుంది, దేవుడి ముందు అడగడానికి ఎవరూ చిన్నబోరు. విత్తే పని ఊరంతా కలిసి మొదలవుతుంది. విత్తడంలో ఊరు ముందూ వెనకా అయితే ముందు ఈనిన చేనుమీదే పురుగూ పిట్టా పడతాయన్నది మన పల్లెల్లోనూ రైతులెరిగిన విషయం. ఇదంతా భక్తి మాత్రమే అని కొట్టిపారేసేవారు, ప్రభుత్వం నడిపే విత్తన మేళాలో ఇంతకంటే ఏం జరుగుతుందో చెప్పవలసి ఉంటుంది.

మట్టి మీద ఒట్టు బస్తర్‌లో అన్నిటికంటే పెద్ద ఒట్టు. మాటి కిరియా చేసినవాడు అబద్ధం ఆడడని నమ్మకం. ఈ సంగతి తర్వాత ధ్రువీకరణ దగ్గర పనికొస్తుంది.

ఆషాఢ అమావాస్యకు వచ్చే అముస్ తిహార్ రెండో కూడిక. శతావరి, రస్నా వంటి మూలికల కొమ్మలను పొలాల్లో గుచ్చుతారు, పశువులకు మందు వేర్లు తినిపిస్తారు. ఏ వేరు ఏ జబ్బుకో ఎరిగిన పశుల కాపరులకు ఆ రోజు గౌరవం ఎక్కువ. పంట చేతికొచ్చాక కొత్త గింజ తినే నవాఖానీ, ఆ తర్వాత పశువులకు వండి పెట్టే దియారీ వస్తాయి. సరిహద్దుకు ఇవతల చింతూరు, భద్రాద్రి కొత్తగూడెం ప్రాంతాల కోయలు జరుపుకునే విజ్జ పండుం, అంటే భూమి పండుగ, మాటి తిహార్‌కు తోబుట్టువే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 మే 3న, అక్షయ తృతీయ నాడు, మట్టి పూజ పేరుతో రాష్ట్రవ్యాప్త ప్రచారం మొదలుపెట్టి రసాయనాలు తగ్గిస్తామని రైతులచేత ప్రతిజ్ఞ చేయించింది. ఊరు తనంతట తాను చేసుకునే పండుగకు అది సర్కారీ నకలు.

సంత

వారానికోసారి జరిగే సంత బస్తర్‌లో అంగడి మాత్రమే కాదు. పెళ్లి మాటలు, కబుర్లు, పంచాయితీ తగాదాలు అన్నీ అక్కడే. ఇప్పపువ్వు, చింతపండు, జీలుగు కల్లు, ఎర్రచీమల పచ్చడి పక్కనే దోనెల్లో రాగులు, కోస్రా అని పిలిచే సామలు, రంగురంగుల చిక్కుడు గింజలు పోసుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. కొనే మనిషి గింజను నోట్లో వేసుకుని కొరికి, ఏ మిట్ట మీద పండింది, ఎన్ని రోజుల పంట అని అడుగుతుంది. చిక్కుడు, గుమ్మడి, బీర విత్తనాలు చాలావరకు ఇలా ఆడవాళ్ల చేతులమీదుగానే ఊళ్లు దాటాయి. వ్యవసాయ శాఖ పుస్తకాల్లో ఈ మార్పిడికి పద్దు లేదు.

వరి విత్తనం, ఒక శాస్త్రవేత్త, ఒక ఒప్పందం

ఛత్తీస్‌గఢ్ వరి వైవిధ్యాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు ఆర్.హెచ్. రిఛారియా. కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, విదేశీ పొట్టి వంగడాలను తొందరపడి దింపడాన్ని వ్యతిరేకించి ఆ పదవి పోగొట్టుకున్నారు. తర్వాత 1970ల్లో రాయపూర్ కేంద్రంగా నాటి మధ్యప్రదేశ్‌లో 19 వేలకు పైగా వరి నమూనాలు సేకరించారు. ఒక చోట పుట్టిన వంగడాన్ని దేశమంతా చల్లడం కాదు, ప్రతి ప్రాంతంలోనూ అక్కడి వంగడాలను రైతులే సాగుచేస్తూ మెరుగుపరిచే చిన్న కేంద్రాలు పెట్టాలన్నది ఆయన ప్రతిపాదన. దాన్ని సర్కారు పట్టించుకోలేదు. పరిశోధన సంస్థే మూతపడింది, సేకరణ రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చేరింది.

2002లో ఆ విశ్వవిద్యాలయం సింజెంటా కంపెనీతో కలిసి పరిశోధన చేయబూనుతోందన్న వార్త బయటికి రాగానే రైతు సంఘాలు, ప్రజా సంఘాలు రాయపూర్‌లో రోడ్డెక్కాయి. రైతుల దగ్గర తెచ్చిన విత్తనాన్ని కంపెనీకి అప్పగించే హక్కు ఎవరిచ్చారన్నది ప్రశ్న. ఆ ఏడాది చివరకు ఒప్పందం ఆగిపోయింది. విత్తనం ఎవరిది అన్న మాట ఛత్తీస్‌గఢ్ రైతు కూడికల్లో గట్టిగా వినిపించడానికి ఈ సంఘటన ఒక కారణం.

కొండగావ్ జిల్లాలో రైతులే బృందంగా ఏర్పడి దేశవాళీ వరి రకాలను ఏటా చిన్న మడుల్లో వేసి కాపాడుతున్నారు. డబ్బాలో దాచిన విత్తనం కొన్నేళ్లకు చచ్చిపోతుంది, మడిలో ఉన్నది వాతావరణంతో పాటు మారుతుంది అన్నది వారి పద్ధతికి ఆధారం. రిఛారియా కోరినది దాదాపు ఇదే. జగదల్‌పూర్ దగ్గర కుమ్హ్రావండ్‌లోని షహీద్ గుండాధుర్ వ్యవసాయ కళాశాల, జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు శిక్షణలు, కిసాన్ మేళాలు నడుపుతాయి.

అదే కొండగావ్‌లో మరో తరహా నమూనా రాజారామ్ త్రిపాఠీది. బ్యాంకు ఉద్యోగం వదిలి 1990ల్లో మా దంతేశ్వరి హెర్బల్ సంస్థ మొదలుపెట్టి, సఫేద్ ముస్లీ వంటి మూలికలతో ప్రారంభించి, చెట్లకు పాకించిన మిరియాలదాకా వచ్చారు. చుట్టుపక్కల ఆదివాసీ కుటుంబాలను ఆ సాగులోకి తెచ్చారు. దేశం నలుమూలలనుంచీ రైతులు ఆయన తోట చూడ్డానికి వస్తారు. అయితే ముస్లీ ధర 2000ల మొదట్లో కుప్పకూలినప్పుడు ఆ పంటను నమ్ముకున్న రైతులు దేశమంతటా దెబ్బతిన్నారు. తిండిగింజను వదిలి మందు మొక్క మీదే ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

మారుటేరు వడ్లు, 3,100 రూపాయలు

బస్తర్‌లో దేశవాళీ రకాలను తోసుకొచ్చిన వంగడాల్లో ముఖ్యమైనవి మన గడ్డమీద పుట్టినవే. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎం.టి.యు. 7029), ఆ తర్వాత వచ్చిన ఎం.టి.యు. 1010 ఛత్తీస్‌గఢ్ అంతటా పాకాయి. మంచి వంగడాలే. కానీ పల్లపు భూముల్లో అవి కుదురుకునేకొద్దీ రసాయన ఎరువూ వెంట వచ్చింది.

వీటిని ముందుకు తోసింది ధర. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023–24 నుంచి వడ్లకు క్వింటాలుకు 3,100 రూపాయలు చెల్లిస్తూ, ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా కొంటోంది. దేశంలో ఇంత ధర అరుదు, రైతుకు మేలే. అయితే సేకరణ కేంద్రం చూసేది గింజ సన్నమా లావా అన్నదే. రసాయనాలు వేసి పండించినా వేయకపోయినా ధర ఒకటే. ఎకరానికి 21 క్వింటాళ్ల వాటా చేతిలో ఉన్నప్పుడు తొమ్మిదీ పదీ క్వింటాళ్లిచ్చే ఎర్ర బియ్యం రకాన్ని ఎందుకు వేయాలని కుర్ర రైతు అడిగితే కూడికలో ఉన్న పెద్దల దగ్గర సులువైన జవాబు లేదు.

చిరుధాన్యాలకు కొంత ఊపిరి 2021లో వచ్చింది. రాష్ట్రం మిల్లెట్ మిషన్ ప్రకటించి అరికెలు, సామలకు క్వింటాలుకు 3,000 రూపాయల ధర నిర్ణయించింది. ఆ సెప్టెంబరులోనే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ 14 జిల్లాలతో ఒప్పందం చేసుకుంది. వాటిలో బస్తర్ జిల్లాలున్నాయి.

పేడ, ధ్రువపత్రం

2020 జులై 20న, ఆషాఢ అమావాస్యకు వచ్చే హరేలీ పండుగనాడు, గోధన్ న్యాయ యోజన మొదలైంది. కిలో పేడకు 2 రూపాయలు, 2022 జులై 28 నుంచి లీటరు గోమూత్రానికి 4 రూపాయలు ఇచ్చి ప్రభుత్వం కొనేది. గౌఠాన్ అని పిలిచే ఊరి పశువుల దొడ్లలో మహిళా సంఘాలు పేడను వానపాముల ఎరువుగా మార్చి కిలో 10 రూపాయలకు అమ్మేవి. ఎరువు నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి. లెక్కల మీద రాజకీయ వివాదమూ నడిచింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక పథకం మూలన పడింది. పథకం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, సంఘం ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చుని ఎరువు గురించి మాట్లాడుకునే స్థలంగా గౌఠాన్ పనిచేసింది. అది పోవడం పేడ డబ్బులు పోవడం కంటే పెద్ద నష్టం.

దంతెవాడ, సుక్మా, బీజాపూర్, నారాయణపూర్‌లతో పాటు గరియాబంద్‌ను పూర్తి సేంద్రియ జిల్లాలుగా మార్చాలని రాష్ట్రం అంతకుముందే తలపెట్టింది. వీటిలో ముందుకు పోయినది దంతెవాడ. అక్కడ భూమ్‌గాదీ పేరుతో రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడి ఎర్ర బియ్యం, అరికెలు, సామలు వంటివి ఆదిమ్ అనే పేరుతో అమ్ముతోంది. ఆకులు, గోమూత్రం కుండలో మురగబెట్టి చేసే హండీ దవా, పేడ, బెల్లం, పప్పుల పిండితో చేసే జీవామృతం శిక్షణల్లో ప్రధాన పాఠాలు. జిల్లాలో 110 గ్రామాలు, 65 వేల హెక్టార్లకు పైగా భూమి కేంద్ర ప్రభుత్వ పెద్ద ప్రాంతాల ధ్రువీకరణ పథకం కిందికి వచ్చాయి. మొదట్నుంచీ రసాయనం తగలని నేలకు మూడేళ్లు ఆగకుండా కొద్ది నెలల్లోనే ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటిది. ఈ రైతులు కొత్తగా సేంద్రియంలోకి వచ్చినవారు కారు, ఎరువు కొనే స్తోమతు లేక పాత పద్ధతిలో మిగిలినవారు అనే విమర్శ ఉంది. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం బియాసీ తోలేవాడికి, విత్తనం ఎంచే ఆడమనిషికి తెలుసు.

చిన్న రైతుకు అందుబాటులో ఉన్న ధ్రువీకరణ భాగస్వామ్య హామీ పద్ధతి. 2015లో మొదలైన పరంపరాగత్ కృషి వికాస్ యోజన దీన్నే వాడుకుంది. ఒకే ఊరివారో పక్కపక్క ఊళ్లవారో కనీసం ఐదుగురు బృందంగా చేరతారు. రసాయనాలు వాడబోమని ప్రతిజ్ఞ చేస్తారు. ఒకరి పొలం మరొకరు తిరిగి చూస్తారు, గట్టు పక్క పొలంనుంచి మందు కొట్టుకొస్తోందా, విత్తనం ఎక్కడిది, ఎరువు గుంట ఎలా ఉంది అని అడిగి రాసుకుంటారు. ఒక సభ్యుడు తప్పు చేస్తే ఆ మచ్చ బృందం మొత్తం మీద పడుతుంది. బయటి తనిఖీదారుకు ఫీజు కట్టక్కర్లేదు. ఈ పద్ధతి ప్రాణం తనిఖీలో లేదు, పొలం గట్టు మీద జరిగే సంభాషణలో ఉంది. పక్కవాడి చేలో ఉలవ ఎందుకు బాగుందో అప్పుడే తెలుస్తుంది. చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. ఫారాలు హిందీలో ఉంటాయి, మాట్లాడేది గోండీ, హల్బీ. చాలాచోట్ల చదువుకున్న ఒక్కరే అందరి తరఫునా నింపేస్తారు. అప్పుడు తనిఖీ జరిగిందో లేదో కాగితానికే తెలియాలి. మట్టి మీద ఒట్టును నమ్మే సమాజంలో సంతకానికి బదులు ఆ ఒట్టునే లెక్కలోకి తీసుకునే దారి ఆలోచించి ఉండాల్సింది.

గోదావరి ఇవతలి పాఠాలు

రైతు కూడికలకు తెలుగు నేలమీద దీటైన ఉదాహరణలున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులతో 2000 ప్రాంతం నుంచి పాత పంటల జాతర నడుపుతోంది. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు అలంకరించి నెల రోజులపాటు ఊరూరా తిరుగుతారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అదే ప్రాంతంలోని బిడకన్నెలో, అరణ్య సంస్థ పొలంలో, 2017 నవంబరు, డిసెంబరుల్లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం జరిగింది. ఇప్పటి జనగామ జిల్లాలోని ఎనబావి 2006లోనే ఊరంతా రసాయనాలు మానేసింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం మహిళా పొదుపు సంఘాల మీద నిలబడింది. పాఠం చెప్పేవారు అధికారులు కారు, చేసి చూపిన రైతులు. 2024 గుల్బెంకియన్ బహుమతి పొందినవారిలో ఈ కార్యక్రమం ఒకటి.

బస్తర్‌కు గోదావరి ఇవతలి నుంచి ఎక్కువగా చేరుతున్న పాఠం మాత్రం ఇది కాదు. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బీజాపూర్, సుక్మా ఊళ్లనుంచి వేల మంది మిరప కోతకు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు వస్తారు. మిరప మన దగ్గర పురుగుమందులు విరివిగా పడే పంటల్లో ఒకటి. రెండు మూడు నెలలు ఆ చేలల్లో గడిపిన యువకులు కూలి డబ్బుతోపాటు ఏ డబ్బా ఏ పురుగుకు అన్న జ్ఞానాన్ని కూడా ఇంటికి పట్టుకెళ్తారు. మాటి తిహార్ వచ్చే చైత్రంలోనే వారిలో చాలామంది ఊళ్లో ఉండరు.

అడ్డంకులు

పంట కోతలయ్యాక పశువులను విడిచిపెట్టడం బస్తర్‌లో ఆనవాయితీ. అందుకని రబీలో ఒక్కడే శనగో ఆవాలో వేయాలనుకుంటే కంచె కట్టుకోవాలి, లేదా ఊరంతా కూర్చుని పశువులను కట్టేద్దామని తీర్మానించాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ కట్టుబాటు పేరు రోకా ఛేకా. పచ్చిరొట్ట, పప్పు పంట, నేలను కప్పి ఉంచడం అన్నీ ఈ ఒక్క తీర్మానం మీద ఆధారపడి ఉన్నాయి. రెండో పంట కావాలనుకునే సేంద్రియ రైతుకు ఊరి కూడిక సంబరం కాదు, అవసరం.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుక్మాల్లో వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు గోదావరి దాటి తెలుగు జిల్లాల అడవుల్లో గుత్తికోయలుగా స్థిరపడ్డాయి. సంతలు మూతపడ్డాయి. నలుగురు ఒకచోట కూర్చుంటే రెండు వైపులా అనుమానించే రోజుల్లో విత్తన పండుగ కూడా భయం భయంగానే జరిగింది. సుప్రీంకోర్టు 2011 జులైలో సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. వెళ్లిన జనంలో చాలామంది తిరిగి రాలేదు. ఒక కుటుంబం రెండు వానాకాలాలు పొలానికి దూరమైతే దాని దగ్గరున్న వరి రకాలు మొలకశక్తి కోల్పోతాయి.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌ను ఆమోదించింది. 15 వేల క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, రైతులకు చేయూతనిచ్చే 30 వేల మంది కృషి సఖులు దాని లక్ష్యాలు. బస్తర్‌లో ఆ సఖులను గోండీ, హల్బీ మాట్లాడే రైతు మహిళల్లోంచే ఎంచి, శిక్షణను మిరప కూలీలు ఊళ్లో ఉండే నెలల్లో పెట్టాలి. దానితోపాటు రసాయనం వాడని వడ్లకు సేకరణ కేంద్రంలో వేరే ధర పెట్టాలి. ఈ మూడింటిలో ఆఖరిది రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పని, దాని ప్రభావమే అన్నిటికంటే ఎక్కువ.